బీగం వేసిన ఇంటికి సగం దాకా పన్ను మాఫీ ఉంది! నోటీసులో చనిపోయినాయన పేరుంటే మాత్రం ఒక్క రూపాయి తగ్గదు

నమస్తే అన్నా, నమస్తే అక్కా. కర్నూలైనా అనంతపురమైనా కడపైనా కథ ఒకటే. నాయన పోయినాడు, అమ్మ కూడా పోయింది, పిల్లోళ్లు ఒకరు బెంగళూరు, ఒకరు కువైట్. ఇంటికి బీగం. ఆస్తి పన్ను నోటీసు మాత్రం వాకిలి సందులోంచి లోపలికి పడతానే ఉంది. "మనిషే లేని ఇంటికి పన్నేంది? కుళాయి తిప్పలేదు, లైటు వేయలేదు, ఎందుకు కట్టాల?" ఇదే కదా ఇప్పుడు నడుస్తున్న కొట్లాట?

ఈ కొట్లాట తప్పు చోట జరుగుతాంది. ఖాళీగా ఉన్న ఇంటికి పన్ను సగం దాకా తగ్గించే ఏర్పాటు మన మున్సిపల్ చట్టంలోనే ఉంది. దాని పేరు వేకెన్సీ రెమిషన్. పురపాలక శాఖ వెబ్‌సైటులో ఆస్తి పన్ను సేవల్లో టైటిల్ ట్రాన్స్‌ఫర్ (యజమాని పేరు మార్చడం), డిమాలిషన్ (ఇల్లు కూలిందని రాయించడం) ఉన్నట్టే ఇది కూడా ఉంది. ఎంతమందికి తెలుసు? నోటీసు మీద ఒక్క ముక్క రాస్తారా? రాయరు! వడ్డీ ఎంతో రాస్తారు, గడువు ఎప్పుడో రాస్తారు, ఇది రాయరు.

సరే, ఉంది కదా, అడుగుదాం. ఎవరు అడగాల? ఇంటి యజమాని. మున్సిపాలిటీ రిజిస్టర్లో యజమాని ఎవరు? మీ నాయన. పదేళ్ల కింద పోయిన మనిషి వచ్చి దరఖాస్తు మీద సంతకం పెడతాడా? అక్కడే ఆగిపోతాది మీ మాఫీ. నేను ఈ రోజంతా చెప్పేది ఇదే. మిమ్మల్ని తింటాండేది ఖాళీ ఇల్లు కాదు, నోటీసులో మొదటి వరుసలో ఉన్న ఆ పేరు.

"అద్దె రాని ఇంటికి పన్ను న్యాయమా" అని ఇంకా వాదించేవాళ్లకు ఒక మాట. ఆ వాదనకు ఒకప్పుడు బలం ఉండేది, ఎందుకంటే అప్పట్లో పన్ను వార్షిక అద్దె విలువ మీద వేసేవాళ్లు. 2020 నవంబరులో చట్టం మార్చినారు, 198 నంబరు జీవో ఇచ్చినారు. 2021 ఏప్రిల్ 1 నుంచి పన్ను మూలధన విలువ మీద. అంటే స్థలానికి రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ, దాని మీద కట్టడం విలువ. నివాసానికైతే ఆ మొత్తం మీద 0.10 నుంచి 0.50 శాతం మధ్యలో. ఇంట్లో మనిషి ఉన్నాడా లేడా అన్నది ఆ లెక్కలోకే రాదు. ఒక్కసారిగా బరువు పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పెట్టినారు. వినడానికి చిన్నదిగా ఉంది కదా? ఇప్పుడు ఏడాది పన్ను 6,000 ఉంటే, ఏటా 15 శాతం చొప్పున ఐదు పెంపులు పడితే 12,068. రెట్టింపు! కొత్త లెక్క ప్రకారం రావాల్సిన మొత్తం వచ్చేదాకా ఇట్లనే ఎక్కుతా పోతాది.

ఇంక వడ్డీ. నెలకు 2 శాతం. బ్యాంకులో ఇల్లు కుదువ పెట్టినా ఇంత వడ్డీ ఉండదప్పా! అర్ధ సంవత్సరం పన్ను 3,000 ఎగ్గొట్టినారనుకోండి, నెలకు 60 రూపాయలు. 50 నెలలకు వడ్డీ అసలుతో సమానం. ఐదేళ్లకు వడ్డీనే 3,600. ఇది ఒక్క అర్ధ సంవత్సరానిది మాత్రమే. ఐదేళ్లలో అట్లాంటివి పది. అదే ఏప్రిల్ 30 లోపల ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు, 6,000కు 300 మిగులు. "ప్రభుత్వం ఎప్పుడో ఒకసారి వడ్డీ మాఫీ చేస్తాది లే" అని కూర్చునేవాళ్లున్నారు. 2025 మార్చిలో బకాయి మొత్తం కడితే వడ్డీలో సగం తీసేసినారు, నిజమే. మిగతా సగం కట్టినారు కదా మరి!

పేరు ఎందుకు మారదు? దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆఫీసు నిర్లక్ష్యం ఒక పాలు, అన్నదమ్ముల అనుమానం మూడు పాళ్లు. "నేను పన్ను కడితే ఇల్లు వానిది, దుడ్లు నావి అయితాయి" అని ఒకడు. "వాడు కడతాన్నాడంటే ఇల్లు కొట్టేయడానికే" అని ఇంకొకడు. ఇద్దరూ కట్టరు. మధ్యలో వడ్డీ తిరుగుతాంటాది. పన్ను రసీదుతో ఎవరికీ హక్కు రాదు సామీ! మున్సిపల్ రిజిస్టర్లో పేరు మారినా హక్కు పుట్టదు, అది పన్ను వసూలు కోసం రాసుకునే పుస్తకం మాత్రమే అని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కట్టినాయన రసీదులు దాచుకుంటే పంపకాలప్పుడు మిగతావాళ్ల వంతు అడిగి తీసుకోవచ్చు.

అక్కచెల్లెళ్లను వదిలేసి దరఖాస్తు పెట్టేవాళ్లు కూడా వినండి. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో, అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లకు సమాన హక్కు 1985 నుంచే ఉంది, దేశమంతా 2005లో వచ్చింది. నాయన సొంతంగా సంపాదించి, వీలునామా రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం కింద భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె కూడా, అందరికీ సమానం. జేజిని మరిచిపోతారు చాలామంది! ముస్లిం కుటుంబాలకు వాటాల లెక్క వేరే. కూతురి పేరు లేకుండా పెట్టినారంటే ఆమె ఒక్క అభ్యంతరం రాసిస్తే చాలు, ఫైలు ఆగిపోతాది.

సరే, దారి ఏంది? మొదట మరణ ధ్రువపత్రం. తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ వార్డు సచివాలయంలో దరఖాస్తు చేస్తే విచారణ అయ్యి తహసీల్దారు ఇస్తాడు. రిజిస్టరైన వీలునామా ఉంటే అది పెట్టండి. బకాయి మొత్తం కట్టాల, బకాయి సున్నా కాకుండా టైటిల్ ట్రాన్స్‌ఫర్ ముందుకు పోదు. ఇక్కడే చాలామంది నడుం విరుగుతాది. మాఫీ కావాలంటే పేరు మారాల, పేరు మారాలంటే పాత బకాయి వడ్డీతో సహా కట్టాల. అందుకే ఆలస్యమైన ప్రతి నెలా మీకే నష్టం అంటున్నా.

ఫైలు వెనక్కి వచ్చేది ఎక్కడంటే, డోర్ నంబరు దగ్గర. 1970ల నాటి దస్తావేజులో ఒక నంబరు, నోటీసులో ఇంకో నంబరు. రెండూ ఒకే ఇల్లని మున్సిపాలిటీ నుంచి కాగితం రాయించుకుని జత చేయండి. ఇంకోటి, ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకం, ధ్రువపత్రంలో ఇంకో రకం. ముందే సరిచేసుకోండి.

పేరు మారింది. ఇప్పుడు వేకెన్సీ రెమిషన్. లెక్క అర్ధ సంవత్సరానిది: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఒకటి. ఇల్లు ఖాళీగా ఉందని ముందుగా రాసివ్వాల. ఒకసారి ఇచ్చిన కాగితం ఎప్పటికీ చెల్లదు, దాని గడువు దాటితే మళ్ళీ ఇవ్వాల. "మూడేళ్ల నుంచి ఖాళీ, మూడేళ్లదీ తగ్గించండి" అంటే కుదరదు. తగ్గింపు కట్టడం వంతు పన్ను మీద, అది కూడా సగానికి మించదు. అందుకే "దాకా" అంటున్నా.

ఖాళీ అని రుజువు ఏంది? కరెంటు మీటరు! చాలామంది ఇల్లు ఖాళీ చేస్తూనే మీటరు పీకిస్తారు. పీకించొద్దు. నెలనెలా సున్నా యూనిట్ల బిల్లు కంటే గట్టి సాక్ష్యం లేదు. నెలకొకసారి బీగం కనపడేట్టు తేదీతో ఫోటో తీయించండి. ముందు గదిలో ఎవరో అంగడి సరుకు పెట్టుకోవడానికి ఇచ్చినారంటే ఖాళీ అనే మాట పోయినట్టే.

మన పక్క చౌడు మిద్దెల సంగతి వేరే చెప్పాల. ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్త చౌడు పోయాల, లేకుంటే ఉరుస్తాది, దంతెలు నానుతాయి, రెండు మూడు వానాకాలాలకు కూలుతాది. కూలినా మీరు డిమాలిషన్ దరఖాస్తు పెట్టేదాకా రిజిస్టర్లో అది ఇల్లే! పన్ను పడతానే ఉంటాది. పెట్టినాక అది ఖాళీ స్థలం పన్నులోకి మారుతాది.

కువైట్‌లో ఉన్నోళ్లకు ఒక మాట. అక్కడి మన రాయబార కార్యాలయంలో జీపీఏ (మీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే కాగితం) రాయించి తమ్మునికి పంపుతారు, వాడు బీరువాలో పెడతాడు. ఆ కాగితం ఇండియాకు చేరినాక 3 నెలల్లోపల జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు డ్యూటీ కట్టాల. దాటితే అది పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది, ఇక్కడ మీ తరఫున సంతకం పెట్టేవాడు ఉండడు.

ఇప్పుడే నోటీసు తీయండి. మొదటి వరుసలో ఎవరి పేరుంది, ఆయన పోయి ఎన్నేళ్లయింది, కింద వడ్డీ గడిలో ఎంతుంది, ఈ మూడూ కామెంట్లో రాయండి.