తాళం చేతికి రాకముందు

శ్రోతలకు నమస్కారం.

మా బావమరిది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనే వ్యాపారి. బస్తా ముందుకొస్తే పైన మెరిసే కాయను చూసి ఏనాడూ ధర చెప్పడు. చెయ్యి లోపలిదాకా పోనిచ్చి, నడుమ నుంచి నాలుగు కాయలు తీసి, ఒకటి విరిచి చూస్తాడు. తేమ ఉందా, తాలు కలిసిందా, రంగు తిరిగిందా. అంతా బాగున్నా సరే, మొహం చిట్లించి గాని మాట్లాడడు. అదే మనిషి మొన్న చలికాలంలో హనుమకొండలో 22 లక్షల సెకండ్ హ్యాండ్ కారు చూడబోయాడు. గల్లీ చివరిదాకా ఒక్క రౌండ్ కొట్టి దిగి, "సౌండే లేదు బావా, పడవ లెక్క పోతున్నది, తీస్కుందాం" అన్నాడు.

ఆరేళ్ల జర్మన్ కారు. డీజిల్, ఆటోమేటిక్ గేర్లు. కొత్తలో దాని ధర ఇప్పటి ధరకు రెట్టింపు పైమాటే. నేను కొన్నేళ్లు మోటారు బీమా సర్వేయరుగా, అంటే దెబ్బతిన్న బండ్ల నష్టం లెక్కగట్టే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి నన్ను తోడు పట్టుకుపోయాడు. "ఇంకొంచెం దూరం నడిపి చూస్తాం" అని నేనడిగితే, ఆ కన్సల్టెన్సీ, అంటే పాత కార్లమ్మే షాపు, యజమాని మెల్లగా ఒక ఫారం తీశాడు. లైసెన్సు కాపీ కావాలన్నాడు, 25 వేలు బయానా కట్టమన్నాడు, తమ మనిషి పక్కన కూర్చుంటాడన్నాడు. మా వాడికి కోపం పొడుచుకొచ్చింది. "ఏం బావా, నన్ను దొంగ అనుకుంటున్నడా? నేను రైతులకు నోటిమాట మీద లక్షలిస్త!"

నాకు మాత్రం ఆ యజమాని మీద అప్పుడే కొంచెం గురి కుదిరింది. ఎందుకో చెబుతాను.

ఇట్లాంటి షాపుకు రోజూ వచ్చేవాళ్లలో కొనేవాళ్లు కొందరే. మిగతావాళ్లు సెల్ఫీకి వస్తారు, పెళ్లికి ముందు బామ్మర్దికి చూపించడానికి వస్తారు, ఆదివారం పొద్దుపోక వస్తారు. వాళ్లను తప్పు పట్టను, నేనూ ఆ వయసులో మోటారు సైకిల్ షాపుల చుట్టూ అట్లనే తిరిగినవాణ్నే. కాని ఈ తరగతి కార్లలో ఒక్క హెడ్‌లైటే లక్ష దాటుతుంది. డివైడర్‌కు రాసుకున్న అల్లాయ్ చక్రం, నలిగిన బంపర్, లోపల విరిగిన సెన్సర్, ఇవన్నీ కలిస్తే షాపువాడికి ఆ బండి మీద వచ్చే లాభం అక్కడితో సరి. అందుకే కొందరు ధర కుదిరేదాకా తాళమే ఇవ్వరు. కొందరు తమ డ్రైవరే నడుపుతాడు, మీరు పక్కన కూర్చోండి అంటారు. పక్కన కూర్చోవడం మొదటి విడతకు మంచిదే. చేతులు ఖాళీగా ఉంటే చెవులు పనిచేస్తాయి. కాని ఆఖరి పది నిమిషాలైనా స్టీరింగ్ మీ చేతికి రావాలి. అదీ కుదరదంటే ఆ బండి వదిలెయ్యమనే నేనంటాను.

నా భయం ఇట్లా కాగితాలడిగేవాళ్ల గురించి కాదు. "తీస్కపోండన్నా, మన బండే కదా, ఏమైతది!" అని తాళం గాల్లోకి విసిరేవాళ్ల గురించి. ఏమైతదో నేను చూశాను.

కొన్నేళ్ల కింద ఒక కేసు వచ్చింది. ఊరు, షాపు పేరు వద్దు. ఇట్లాగే మాటల మీద తాళమిచ్చారు. కుర్రాడికి లైసెన్సు ఉంది, బండీ మెల్లగానే నడిపాడు. బ్రిడ్జి దిగుతుంటే ముందర ఆటో ఆగింది, ఇతను పక్కకు తిప్పాడు, ఎడమ వైపంతా గోడకు గీసుకుంది. షాపువాడు కుర్రాణ్ని కట్టమన్నాడు. కుర్రాడు ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నాడు. ఇన్సూరెన్స్ చూస్తే, బండి అమ్మకానికి పెట్టి వెళ్లిపోయిన పాత ఓనరు పేరు మీద ఉంది. ఆయనేమో నేను బండి ఇచ్చి మూడు నెలలైంది, నాకేం సంబంధమంటాడు. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు.

ప్రైవేటు కారు పాలసీ కాగితాలు మన ఇళ్లలో బీరువాలో పడుంటాయి గాని, అందులో వాడకం హద్దుల గురించి ఒక చిన్న పేరా ఉంటుంది. అద్దెకు తిప్పడం, సరుకు మోయడం, పందేలు, వేగ పరీక్షలు, వీటికి వాడితే పాలసీ వర్తించదని ఉంటుంది. ఆ వరసలోనే చివర మరో మాట ఉంటుంది, మోటారు వ్యాపారానికి సంబంధించిన ఏ అవసరమైనా సరే అని. షాపువాడు అమ్మడానికి బండిని రోడ్డెక్కిస్తే అది వ్యాపారం కిందికే వస్తుందని బీమా కంపెనీ పట్టుబట్టడానికి ఆ ఒక్క ముక్క చాలు. వ్యాపారుల కోసం మోటార్ ట్రేడ్ పాలసీ అని వేరే ఉంటుంది. అది ఉందా లేదా అని తాళం తీసుకునే ముందు అడిగేవాడిని నా సర్వీసులో నేను చూడలేదు. మీరు అడగండి. షాపువాడు ఒక నిమిషం తెల్లమొహం వేస్తే వెయ్యనివ్వండి.

ఒకవేళ క్లెయిమ్ దొరికినా మొత్తం రాదు. పాలసీలో తప్పనిసరిగా మనం భరించే భాగం 1500 సీసీ దాటిన కారుకు 2000 రూపాయలే, అది పెద్ద లెక్క కాదు. అసలు దెబ్బ తరుగుదల దగ్గర ఉంటుంది. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే లెక్కగడతారు. బంపర్ అంటే ప్లాస్టిక్ అని గుర్తుంచుకోండి. కాబట్టి ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు, నష్టం జరిగితే బీమా పోగా మిగిలింది ఎవరిదో, ఎంతవరకో అంకెతో రాయించాలి. "నష్టమంతా కస్టమర్‌దే" అని అచ్చు వేసిన ఫారం మీద నేనైతే సంతకం పెట్టను. ఇంకో పని, కదిలే ముందు ఫోన్‌తో బండి చుట్టూ తిరిగి వీడియో తీసి పెట్టుకోండి. పాత గీతకు మీరెందుకు కట్టాలి?

ఇక చట్టం. సెకండ్ హ్యాండ్ బండ్ల వ్యాపారానికి కేంద్రం 2022 డిసెంబర్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం డీలరు ఆర్టీఏ నుంచి గుర్తింపు పత్రం తీసుకోవాలి, అది ఐదేళ్లు చెల్లుతుంది. ఓనరు బండి అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా ఆ సంగతి ఆర్టీఏకు తెలపాలి. అప్పటి నుంచి ఆ బండికి డీలరే ఓనరు లెక్క. మన విషయానికొస్తే, అలా అప్పగించిన బండిని డీలరు ఇష్టమొచ్చినట్టు తిప్పుకోవడానికి లేదు. కొనేవాళ్లకు నడిపి చూపించడానికి, రిపేరుకు, పెయింటింగుకు, తనిఖీకి, ఇట్లాంటి పనులకే రోడ్డెక్కించాలి. ఎవరు నడిపారు, ఎందుకు, ఏ టైముకు, ఎన్ని కిలోమీటర్లు అన్నది ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. అంటే ఆ యజమాని నా లైసెన్సు అడిగింది అవమానించడానికి కాదు. లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇస్తే ఇచ్చినవాడికీ 5000 రూపాయల జరిమానా ఉంది మరి.

ఇక్కడ అమ్మేవాళ్లకు ఒక మాట. "పార్క్ అండ్ సేల్" అని షాపులో బండి పెట్టి, తాళమిచ్చి, 29సి ఊసు లేకుండా తెల్ల కాగితం మీద సంతకాలు పెట్టి వచ్చేస్తుంటారు. బండి ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద బాధితులకు పరిహారం విషయంలో వాళ్లే ఓనరని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. మీ బండిని రేపు ఎవరో టెస్ట్ డ్రైవ్‌కు తీసుకుపోయి కాజీపేట చౌరస్తాలో ఎవరికో తగిలిస్తే, సమన్లు మీ ఇంటికొస్తాయి. 29సి పెట్టించిన కాపీ చేతిలో పడ్డాకే షాపు గడప దాటండి.

సరే, మా బావమరిది కోపం చల్లారాక బయానా కట్టాం. రసీదు మీద "బండి నచ్చకపోతే పూర్తిగా వాపసు" అని పెన్నుతో రాయించాను. యజమాని కొంచెం నసిగాడు, రాశాడు. మర్నాడు పొద్దున్నే వస్తాం, మేమొచ్చేదాకా సెల్ఫ్ కొట్టొద్దని చెప్పి వచ్చాం.

ఈ సెల్ఫ్ సంగతి చిన్నది కాదు. ముందే వేడెక్కించిన ఇంజిన్ తన జబ్బులు సగం దాచేస్తుంది. చల్లటి ఇంజిన్ మొదటి క్షణాల్లో చేసే చప్పుడు, వెనక నుంచి వచ్చే పొగ, అవి ఉదయం ఒక్కసారే దొరుకుతాయి. అందుకే వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. తాళం తిప్పగానే మీటర్ల మీద ఎరుపు, పసుపు లైట్లన్నీ వెలిగి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగనే లేదంటే సంతోషపడకండి, దాన్ని ఎవరో పీకేసి ఉండొచ్చు.

ఇక దూరం. గల్లీ రౌండు ఎందుకు చాలదో ఇదొక్కటి చూస్తే తెలుస్తుంది. ఇంజిన్ లైటు వెలిగే బండికి స్కానర్ పెట్టి ఆ తప్పును చెరిపెయ్యడం ఐదు నిమిషాల పని. లైటు ఆరిపోతుంది, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. బండిలోని కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్లీ చేసుకోవాలంటే కొంత దూరం నడవాలి, ట్రాఫిక్‌లో ఆగాలి, హైవే మీద ఒక వేగంతో పోవాలి. అప్పుడు గాని ఆ లైటు మళ్లీ రాదు. అందుకే నేను ఎప్పుడూ 15, 20 కిలోమీటర్లు అడుగుతాను. డీజిల్ డబ్బులు నేనే ఇస్తానంటాను, బేరమాడను.

మేం హనుమకొండ చౌరస్తా రద్దీలో మొదలుపెట్టాం. ఆటోమేటిక్ గేర్ల బండి అసలు గుణం మెల్లగా, ఆగుతూ కదులుతూ పోయేటప్పుడే బయటపడుతుంది. 10, 20 వేగంలో వణికితే, రివర్స్ నుంచి ముందుకు వేసేటప్పుడు ఠక్కున కొడితే లక్షల ఖర్చు ముందున్నట్టు. ఇది వణకలేదు. కాజీపేట దగ్గర ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ నడుమ ఆపి మళ్లీ కదిలించాం, వెనక్కి జారలేదు. వెనకవాళ్ల హారన్లు మాత్రం చెవులు చిల్లులు పడేట్టు మోగాయి. మా పక్కన కూర్చున్న షాపు పిల్లగాడు సిగ్గుతో ఫోన్ చూసుకుంటున్నాడు. మడికొండ దాటి హైదరాబాద్ రోడ్డెక్కాం. 80లో మెల్లగా బ్రేకు వేసి, స్టీరింగ్ వణుకుతుందా అని చూశాం. లేదు. మా వాడు నావైపు చూసి కన్నుగీటాడు, 'నేను చెప్పలే!' అన్నట్టు.

వెనక్కి తిరిగి మళ్లీ మడికొండ దగ్గరికి వచ్చేసరికి, మీటర్ల నడుమ చిన్న పసుపు లైటు వెలిగింది. ఇంజిన్ బొమ్మ.

"సెన్సర్ అయ్యుంటది సార్, కడిగితే పోతది" అన్నాడు షాపు పిల్లగాడు. పాపం, వాడికి ఏం తెలుసో ఏం తెలియదో.

మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. కాజీపేట వచ్చాక అన్నాడు, "తాలు కలిసింది బావా."

బయానా వాపసు రావడానికి నాలుగు రోజులు పట్టింది. రసీదు మీద పెన్నుతో రాసిన ఆ ముక్క లేకపోతే వచ్చేదో రాదో చెప్పలేను. 25 వేలలో డీజిల్‌కని 500 పట్టుకుని మిగతాది ఇచ్చాడు యజమాని. ఆ 500 గురించి మా వాడు ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నాడు.

నమస్కారం.