గోడ మీద లేని ముఖాలు: 'ద ఫాల్' బ్యాండ్ కథ

అందరికీ నమస్కారం.

మాంచెస్టర్‌కు ఉత్తరాన ప్రెస్ట్‌విచ్ అని ఒక ఊరుంది. అక్కడ ఒక చిప్స్ దుకాణం పక్కగోడ మీద గాయకుడు మార్క్ ఇ. స్మిత్ ముఖం చాలా పెద్దదిగా గీశారు. ఆయన 2018 జనవరి 24న, 60 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ ఊళ్లోనే 1976లో స్నేహితులతో కలిసి ఆయన పెట్టిన రాక్ బ్యాండ్ 'ద ఫాల్'. ఆయన పోయేదాకా, నలభై ఏళ్లకు పైగా అది ఆగకుండా నడిచింది. స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లే ముప్పై దాటాయి. అందులో వాయించినవాళ్లు అరవైమందికి పైనే. వాళ్లలో సుమారు మూడోవంతు మంది ఏడాది కూడా నిలవలేదు. మొదటినుంచి చివరిదాకా ఉన్నది ఒక్క స్మిత్.

అందుకే ఫాల్ అనగానే స్మిత్ కథే చెబుతారు. ఆయన కోపం, ఆయన తాగుడు, ఆయన ఎవరిని ఎప్పుడు పీకేశారన్న ముచ్చట్లు. నేను ఇవాళ గోడ మీద లేని మిగతా ముఖాల గురించి మాట్లాడదామని వచ్చాను.

దీనికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఈ బ్యాండ్‌వి రెండు ఆల్బమ్‌లు వెంటవెంటనే విన్నాను. ఒకటి 1979ది, రెండోది 1993ది. గొంతు ఒక్కటే. అదే విసురు, మాట చివర అదే సాగతీత. కానీ ఆ గొంతు కింద ఉన్న సంగీతం మాత్రం వేరే మనుషులది. అట్ట వెనక పేర్లు చదివితే రెండింటిలోనూ ఉన్నది స్మిత్ ఒక్కరే. అప్పటినుంచి ఫాల్ రికార్డు ఏది దొరికినా ముందు అట్ట తిప్పి పేర్లు చూడటం అలవాటైపోయింది.

ఇక మొదటి నలుగురి దగ్గరికి వద్దాం. మార్క్ స్మిత్, మార్టిన్ బ్రామా, టోనీ ఫ్రీల్, యూనా బెయిన్స్. స్మిత్ సాల్ఫర్డ్ రేవులో గుమాస్తా. యూనా మానసిక వైద్యశాలలో నర్సు శిక్షణలో ఉంది. 1976 వేసవిలో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ (పంక్ అంటే మొరటుగా, వేగంగా వాయించే రాక్) మాంచెస్టర్‌కు వచ్చి లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో రెండుసార్లు వాయించింది. సంగీతం నేర్చుకోకపోయినా స్టేజీ ఎక్కొచ్చన్న ధైర్యం ఆ ఊళ్లో చాలామందికి అప్పుడే వచ్చింది. పంక్ ఇచ్చింది ఆ ధైర్యం. ఎక్కాక పంక్ వాయించినట్టే మళ్లీ ఎందుకు వాయించాలని అడిగినవాళ్లది పోస్ట్-పంక్.

మొదట అనుకున్నది బ్రామా పాడాలని, స్మిత్ గిటార్ వాయించాలని. బ్రామాకు గిటార్ బాగా వచ్చు, స్మిత్‌కు రాదు. అందుకని మార్చుకున్నారు. ఫ్రెంచ్ రచయిత అల్బేర్ కామూ నవల పేరు బ్యాండ్‌కు పెడదామన్నది ఫ్రీల్ ఆలోచన. అంటే పేరు ఒకరిది, గిటార్ ఇంకొకరిది. 1977 మే 23న మొదటిసారి జనం ముందు వాయించినప్పుడు యూనా లేదు, ఎందుకంటే ఆమె చేతికి ఇంకా కీబోర్డు రాలేదు.

ఏడాది తిరిగేలోగా ఇందులో ఇద్దరు వెళ్లిపోయారు. 1977 చివర్లో ఫ్రీల్, 1978 మొదట్లో యూనా. మొదటి ఆల్బమ్‌ను 1978 డిసెంబరులో ఒక్కరోజులో రికార్డు చేశారు. 1979 మార్చిలో అది విడుదలైతే, మరుసటి నెలకల్లా బ్రామా కూడా లేడు. మొదటి ఆల్బమ్ కొట్లలో కొత్తగా ఉండగానే, దాన్ని తయారుచేసిన బ్యాండ్ అయిపోయింది.

అప్పుడొచ్చారు క్రెయిగ్ స్కాన్లన్, స్టీవ్ హ్యాన్లీ. ఇద్దరూ కుర్రాళ్లు, ఫాల్ సామాన్లు మోస్తూ బ్యాండ్ వెంట తిరిగినవాళ్లు. స్కాన్లన్ గిటార్, హ్యాన్లీ బేస్, అంటే కింది స్థాయి లోతైన స్వరాలు పలికే గిటార్. నా మటుకు నాకు ఫాల్ అనే శబ్దం అసలు మొదలైంది ఇక్కడే.

ఈ బ్యాండ్ సంగీతం ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. వీళ్ల పాటల్లో స్వరాలు ఎక్కువగా మారవు. నాలుగైదు స్వరాల ముక్క ఒకటి పట్టుకుని ఆరేడు నిమిషాలు దాన్నే తిప్పుతారు. మన భజనలో ఒకే చరణం మళ్లీ మళ్లీ పాడుతుంటే, కాసేపటికి మాట అర్థం వెనక్కి పోయి ఊపు ముందుకొస్తుంది చూడండి, దాదాపు అలాంటిది. అలా తిప్పేటప్పుడు పాట బరువంతా తిప్పేవాడి చేతిలో ఉంటుంది. ఆ ముక్క ఎంత గట్టిగా పడుతోంది, ఎక్కడ ఒక వెంట్రుకవాసి ఆలస్యమవుతోంది, ఎక్కడ కొంచెం వదులవుతోంది, ఇవే పాట. పైన స్మిత్ పాడతారు, మాట్లాడతారు, అరుస్తారు, కాగితం చూసి చదువుతారు. కింద నేల కదలకపోతేనే ఆయన అలా ఇష్టమొచ్చినట్టు తిరగగలరు. ఆ నేల స్టీవ్ హ్యాన్లీ. 1979 నుంచి 1998 దాకా, 19 ఏళ్లు.

ఆయన తమ్ముడు పాల్ హ్యాన్లీ 1980లో డ్రమ్మర్‌గా చేరాడు. అప్పటికి ఇంకా బడి పిల్లవాడే. 1981లో బ్యాండ్ అమెరికా టూర్‌కు బయలుదేరింది. వయసు చాలక పాల్‌కు వీసా రాలేదు. సరే, ఈ టూర్‌కు మాత్రం అని పాత డ్రమ్మర్ కార్ల్ బర్న్స్‌ను పిలిపించారు. తిరిగొచ్చాక ఆయన్ను పంపెయ్యలేదు. ఇద్దరినీ ఉంచుకున్నారు. ఒక స్టేజీ మీద రెండు డ్రమ్ సెట్లు. 1982 మార్చిలో వచ్చిన 'హెక్స్ ఎండక్షన్ అవర్' ఆల్బమ్‌లో మీరు వినే ఆ ఉరుము ఈ ఇద్దరిది. దానిలో కొంత ఐస్‌లాండ్‌లో రికార్డు చేశారు, మిగతాది ఇంగ్లండ్‌లో మూతపడిన ఒక సినిమా హాల్లో. ఫాల్ చేసినవాటిలో ఇదే గొప్పదని చాలామంది అంటారు, నేనూ అదే అంటాను. ఒక కుర్రాడికి వీసా రాకపోవడం వల్ల అది అలా తయారైంది. నాయకుడి ప్రణాళిక అని చెప్పేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు.

అందులో గిటార్, కీబోర్డ్ వాయించిన మార్క్ రైలీ పదహారు, పదిహేడేళ్ల వయసులో వచ్చినవాడు. ఆస్ట్రేలియా టూర్‌లో ఆయనకూ స్మిత్‌కూ గొడవైంది. 1983 మొదట్లో స్మిత్ ఆయన్ను తీసేశారు. ఆ తర్వాత రైలీ సొంత బ్యాండ్ పెట్టుకున్నాడు, రేడియోలోకి వెళ్లాడు, బీబీసీ 6 మ్యూజిక్‌లో ఏళ్లతరబడి కొత్త బ్యాండ్‌లను పరిచయం చేశాడు.

అదే ఏడాది ఏప్రిల్‌లో షికాగోలో బ్రిక్స్ అనే అమెరికన్ అమ్మాయి స్మిత్‌ను కలిసింది. జులైలో పెళ్లి. ఆ తర్వాత ఆమె గిటార్ పట్టుకుని బ్యాండ్‌లో ఉంది. కొంతమంది పాత అభిమానులు ఆమె వచ్చి బ్యాండ్‌ను మెత్తబరిచిందన్నారు. నేను ఒప్పుకోను. ఆమె రాగం తెచ్చింది, హుషారు తెచ్చింది. గోడలా నిలబడ్డ హ్యాన్లీ బేస్ మీద ఆమె గిటార్ పడితే ఎలా ఉంటుందో 1985 ఆల్బమ్ 'దిస్ నేషన్స్ సేవింగ్ గ్రేస్' వింటే తెలుస్తుంది. ఆ ఏడాది మొదట్లో స్టీవ్ హ్యాన్లీకి బిడ్డ పుట్టి కొన్ని నెలలు సెలవు తీసుకుంటే, సైమన్ రోజర్స్ వచ్చి బేస్ వాయించి, స్టీవ్ తిరిగొచ్చాక కీబోర్డు వైపు జరిగాడు. ఈ బ్యాండ్‌లో ఒక మనిషి చోటు దాచి ఉంచారంటే అది చిన్న విషయం కాదు.

1987లో 'దేర్స్ ఎ ఘోస్ట్ ఇన్ మై హౌస్' పాట బ్రిటన్ అమ్మకాల చార్టుల్లో 30వ స్థానం దాకా వెళ్లింది. మరుసటి ఏడాది మైకేల్ క్లార్క్ నృత్యబృందంతో కలిసి బ్యాలే చేశారు, లండన్ శాడ్లర్స్ వెల్స్‌లో స్టేజీ మీదే బ్యాండ్ వాయిస్తుంటే నర్తకులు ఆడారు. 1989లో ఆ పెళ్లి ముగిసింది, బ్రిక్స్ వెళ్లిపోయింది. పదేళ్ల కిందట వెళ్లిన బ్రామా తిరిగొచ్చి, ఏడాదిలో మళ్లీ పోయాడు. తొంభైల్లో కంప్యూటర్‌తో చేసిన లయలు వచ్చాయి. 1993 ఆల్బమ్ 'ది ఇన్ఫోటెయిన్‌మెంట్ స్కాన్' 9వ స్థానానికి చేరింది. తర్వాత బ్రిక్స్ కూడా ఇంకోసారి వచ్చింది. ఇవన్నీ జరుగుతున్నా స్కాన్లన్, హ్యాన్లీ ఉన్నారు. 1995లో స్కాన్లన్‌ను తీసేశారు. పదహారేళ్ల గిటార్ అది.

1998 ఏప్రిల్ 7 రాత్రి గురించి ఆగి చెప్పాలి. న్యూయార్క్‌లో బ్రౌనీస్ అనే చిన్న క్లబ్. స్మిత్‌కు చాలాకాలంగా ఒక అలవాటుంది. పాట మధ్యలో వెళ్లి ఇతరుల ఆంప్లిఫయర్ల మీటలు తిప్పెయ్యడం, కీబోర్డు మీద చెయ్యి వెయ్యడం. వాయించేవాళ్లు కుదురుగా ఉండకూడదని ఆయన నమ్మకం. ఆ రాత్రి అది స్టేజీ మీదే కొట్లాట అయింది. కార్ల్ బర్న్స్ స్మిత్ మీదికి వెళ్లాడు. తర్వాత హోటల్లో గొడవ ముదిరింది. కీబోర్డ్ వాయించే జూలియా నేగల్ మీద దాడి చేశారన్న కేసులో స్మిత్‌ను అరెస్టు చేశారు. హ్యాన్లీ, బర్న్స్, గిటారిస్టు టామీ క్రూక్స్ ముగ్గురూ ఇంటిదారి పట్టారు. పంతొమ్మిదేళ్లు అలా ముగిశాయి.

ఇక్కడ నేను స్మిత్‌ను వెనకేసుకురాను. ఆయన మాటల్లో ఉన్న పదును నాకు ఇష్టం. రేవు గుమాస్తాగా పనిచేసిన మనిషి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, ఇంగ్లీషు పాటలో అంతకుముందు లేని వాక్యం రాశారు. అది నిజం. తనతో పనిచేసేవాళ్లను భయంలో ఉంచారు, అదీ నిజమే. భయం వల్లే మంచి సంగీతం వచ్చిందని రాసేవాళ్లను చూస్తే నాకు బాధ వేస్తుంది. మంచి రికార్డులు వచ్చిన ఏళ్లు చూడండి. మనుషులు కొన్నేళ్లపాటు కలిసి నిలబడిన ఏళ్లే అవి.

హ్యాన్లీ ఆ తర్వాత ఒక బడిలో కేర్‌టేకర్ ఉద్యోగం చేశారు. జూలియా నేగల్ మాత్రం 2001 దాకా బ్యాండ్‌లోనే ఉండి, కూలిపోయిన ఇంటిని మళ్లీ నిలబెట్టడంలో పాలుపంచుకుంది. ఆమెకు రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

జాన్ పీల్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. బీబీసీ రేడియోలో ఆయన కార్యక్రమం కోసం ఫాల్ 1978 నుంచి 2004 దాకా 24 సార్లు ప్రత్యేకంగా వాయించింది. వీళ్లు ఎప్పుడూ వేరుగానే ఉంటారు, ఎప్పుడూ ఒకేలా ఉంటారు అని ఆయన అన్న మాట అందరికీ గుర్తుండిపోయింది. ఆ 24 రికార్డింగులు వరసగా వింటే లైనప్‌లు, అంటే వాయించే మనుషుల జట్లు, మారడం చెవికి తెలుస్తుంది. ఆల్బమ్‌ల కంటే ముందు అవి వినమని చెబుతాను.

2006లో అమెరికా టూర్ మధ్యలో గిటార్, బేస్, డ్రమ్స్ ముగ్గురూ ఒకేసారి వెళ్లిపోయారు. కొద్దిరోజుల్లోనే అక్కడి కుర్రాళ్లను ముగ్గురిని తెచ్చుకుని టూర్ పూర్తిచేశారు. మిగిలింది స్మిత్, అప్పటి భార్య ఎలెనీ పూలూ. నేనూ, బోంగోలు వాయిస్తూ మీ అమ్మమ్మా ఉన్నా అది ఫాల్ బ్యాండే అని స్మిత్ అన్నట్టు అందరూ చెప్పుకునే మాట ఒకటుంది. ఇలాంటి సమయాల్లో అది నిజమే అనిపిస్తుంది.

కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. పీట్ గ్రీన్‌వే, డేవ్ స్పర్, కీరన్ మెల్లింగ్ వచ్చి, దాదాపు పదేళ్లు కదలకుండా ఉన్నారు. నలభై ఏళ్లలో అంత స్థిరంగా నిలిచిన లైనప్ ఇదొక్కటే. 2016లో పూలూ వెళ్లిపోయింది. 2017 నవంబరు 4న గ్లాస్గోలో స్మిత్ చక్రాల కుర్చీలో కూర్చుని పాడారు. అదే చివరిది. వెనక ఆ ముగ్గురూ ఉన్నారు.

ఆయన పోయాక ఫాల్ అనే పేరు ఎవరూ వాడలేదు. ఆ ముగ్గురు ఇంపీరియల్ వ్యాక్స్ అని వేరే పేరు పెట్టుకున్నారు. 2023లో 'హౌస్ ఆఫ్ ఆల్' అని ఇంకో బ్యాండ్ ఆల్బమ్ వచ్చింది. అట్ట తిప్పి పేర్లు చదివాను. మార్టిన్ బ్రామా, స్టీవ్ హ్యాన్లీ, పాల్ హ్యాన్లీ, సైమన్ వుల్‌స్టెన్‌క్రాఫ్ట్, పీట్ గ్రీన్‌వే. మొదటి నలుగురిలో ఒకడు, చివరి ముగ్గురిలో ఒకడు, మధ్యలో ఆ అన్నదమ్ములు, ఎనభైల చివర్లో స్టీవ్‌తో వాయించిన డ్రమ్మర్. మళ్లీ రెండు డ్రమ్ సెట్లు.

ఇప్పుడు ఐస్‌లాండ్‌లో రికార్డు చేసిన 'హిప్ ప్రీస్ట్' వేస్తాను. దాదాపు ఎనిమిది నిమిషాలు ఉంటుంది. మొదటి రెండు నిమిషాలు స్మిత్ మాటల్ని పక్కన పెట్టి, స్టీవ్ హ్యాన్లీ ఎక్కడున్నాడో వెతకండి.