కంచం ముందు ఫోను: హాస్టల్ పిల్లల తిండి సంగతి

[షాట్: స్టీలు గ్లాసుకి ఆనించిన ఫోను, పక్కన ప్లేట్లో పూతరేకు]

అందరికీ నమస్కారం అండి. సంక్రాంతికి మా చిన్నాన్న గారి అమ్మాయి భీమవరం హాస్టల్ నించి ఇంటికొచ్చింది, బీటెక్ థర్డ్ ఇయర్. మా పిన్ని ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి పెడితే ఈ పిల్ల రీల్స్ చూస్తా ఒక్కో పొర విప్పుతా కూర్చుంది, బెల్లం పొడంతా ప్లేట్లో రాలిపోయింది గానీ ఒక్క ముక్క నోట్లో పెట్టలేదు. డైట్ అక్కా అంది. అదే రాత్రి ఒంటిగంటకి నేను మంచినీళ్ళకి లేస్తే, వంటింట్లో లైటు కూడా వేసుకోకుండా ఫోన్ వెలుగులో అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని గబగబా తింటా ఉంది. నన్ను చూసి ఏడ్చేసింది, అమ్మకి చెప్పకక్కా అని.

దయచేసి దీన్ని తిండి పొగరు అనకండి. రాత్రి రెండింటిదాకా స్క్రోల్ చేస్తే నిద్ర తగ్గుద్ది, నిద్ర తగ్గితే ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుద్ది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుద్ది, ఇంక అర్ధరాత్రి తీపీ నూనే తినాలనిపిస్తుంది. ఇంకోపక్క బరువు తగ్గే వీడియో ఒకటి చివరిదాకా చూశామా, యాప్ అలాంటివే తెచ్చి ముందు పోస్తుంది. పగలంతా పస్తు, రాత్రికి ఆగలేక తిండి, తిన్నందుకు సిగ్గు, ఆ సిగ్గు మర్చిపోడానికి మళ్ళీ ఫోను. అలాగని అన్నిటికీ ఫోనే కారణం అనలేం, లోపల దిగులున్న పిల్లలే ఫోన్లో తలదాచుకోవడం కూడా ఉంది, అందుకే ఫోన్ లాక్కుంటే పని అయిపోదండి.

ఇలా తిండితో ముడిపడ్డ మానసిక జబ్బు ఉందేమో కనిపెట్టడానికి 1999లో ఇంగ్లండ్ డాక్టర్లు ఐదు ప్రశ్నలు తయారుచేశారు, వాటిని స్కాఫ్ అంటారు. కడుపు మరీ నిండిపోయిందని కావాలని వాంతి చేసుకుంటున్నారా? ఎంత తింటున్నానో నా చేతిలో లేదని భయమా? మూడు నెలల్లో 6 కేజీలకి పైగా తగ్గారా? సన్నగా ఉన్నావని అందరూ అంటున్నా లావుగా ఉన్నాననే అనిపిస్తుందా? రోజంతా తిండి ఆలోచనేనా? రెండింటికి అవును వస్తే జబ్బు ఖాయమని కాదు, డాక్టర్ని కలవాల్సిందే అని.

[స్క్రీన్ మీద పెద్దగా: టెలి మానస్ 14416]

ఇది మనసు బాగోనప్పుడు మాట్లాడుకోడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు, ఫ్రీ అండి, పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మా చెల్లి ఇప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తోంది. రాత్రి ఎనిమిదింటికి మెస్‌లో కంచం ముందు కూర్చుని నాకు ఫోన్ చేస్తుంది, వీడియో కాదు, ఉత్త కాల్. మొన్న, గోంగూర పచ్చడి బాగుందక్కా, ఇంకోసారి వేయించుకున్నా అంది.