9 ఎంఎం కార్బైన్ కొంటే రైఫిల్ కొన్నట్టేనా?

(బల్ల మీద పక్కపక్కన 9 ఎంఎం పిస్టల్ తూటా, 5.56 రైఫిల్ తూటా)

ఇక్కడ టెక్సాస్‌లో షూటింగ్ రేంజ్‌కి మనవాళ్లు ఎవరొచ్చినా 9 ఎంఎం కార్బైన్, అంటే పిస్టల్ తూటా పేల్చే పొడుగు తుపాకి, గురించి ఇదే మాట. "16 అంగుళాల బ్యారెల్ కదన్నా, పిస్టల్ తూటా అయినా రైఫిల్ దెబ్బే!" వినీ వినీ విసుగొచ్చింది.

పిస్టల్ తూటాలో మందు గడ్డిమంట. భగ్గుమని అంటుకుని, బుల్లెట్ బ్యారెల్ సగం దాటకముందే పని ముగించేస్తుంది. 115 గ్రెయిన్ల (దాదాపు ఏడున్నర గ్రాముల) 9 ఎంఎం బుల్లెట్ 4 అంగుళాల పిస్టల్‌లోంచి సెకనుకి సుమారు 1150 అడుగుల వేగంతో పోతుంది. 16 అంగుళాల కార్బైన్‌లో? 1300 దగ్గర. పొయ్యి ఎంత పొడుగు కట్టినా గడ్డి అంతే మండుతుంది. అంతే పొడవున్న బ్యారెల్‌లోంచి 5.56 బుల్లెట్ దాదాపు 3000తో వస్తుంది.

.357 మాగ్నమ్ అనే రివాల్వర్ తూటా సంగతి వేరు. అది చింతమొద్దు. పొడవాటి కేసు, నిదానంగా మండే మందు. రివాల్వర్‌లో 1250 ఉంటే లీవర్ యాక్షన్ రైఫిల్‌లో (కింది లీవర్ ఆడించి తూటా ఎక్కించేది) 1700 దాటే లోడ్లున్నాయి. పవర్ కావాలంటే ఆ మొద్దు కొనండి, గడ్డికి డబ్బులు పోయొద్దు.

మరి 9 ఎంఎం ఎందుకంటే, భుజానికి ఆనుతుంది, గురి కుదురుతుంది, తూటాలు చౌక. రూగర్ పీసీ కార్బైన్ చాలా మోడళ్లకు గ్లాక్ పిస్టల్ మ్యాగజైన్లు కూడా పడతాయి. పిస్టల్‌కీ దీనికీ ఒకటే సరంజామా.

తీరా కొన్నాక "ఇంత చిన్న తూటాకి ఇంత తన్నుడేంటి?" అంటారు. (బోల్ట్ చేతిలోకి తీసుకుని) ఇదీ కారణం. ఇలాంటి బ్లోబ్యాక్ తుపాకుల్లో బోల్ట్‌కి, అంటే తూటాని వెనకనుంచి మూసి ఉంచే దిమ్మకి, లాక్ ఉండదు, దాన్ని ఆపేది దాని బరువు, స్ప్రింగే. పేలగానే ఈ ఇనుప దిమ్మ మొత్తం వెనక్కొచ్చి కొడుతుంది. ఎంపీ5 అనే సబ్‌మెషీన్ గన్‌లో రోలర్లు ఆ కదలికని కాస్త ఆలస్యం చేస్తాయి కాబట్టి మెత్తగా ఉంటుంది. ఖరీదెక్కువే, కానీ నన్నడిగితే ఇలా ఆలస్యం చేసే డిలేడ్ బ్లోబ్యాకే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 50 గజాలకి జీరో చేసుకోండి, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సైట్ సరిచేసుకోండి, 100 దాటాక బుల్లెట్ బాగా కిందికి దిగిపోతుంది. బ్యారెల్ 16 అంగుళాల లోపుంటే ఫెడరల్ రిజిస్ట్రేషన్ తలనొప్పి. కాలిఫోర్నియాలో 10 తూటాల మ్యాగజైన్లే. హెచ్1బీ మీదున్నవాళ్లు హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకి ముట్టుకోకూడదు, ముందు లాయర్‌ని అడగండి. ఇండియాలో చూస్తున్నవాళ్లు ఆశ పెట్టుకోకండి, అక్కడ 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు లైసెన్స్‌కి ఇవ్వని రకం.