రన్ అంటే పరుగొక్కటేనా?

అందరికీ నమస్కారం.

మొన్న క్లాసులో 'ది డీజిల్ రాన్ అవుట్' అని బోర్డు మీద రాసి తెలుగు చెయ్యమన్నాను. ఒకమ్మాయి 'డీజిల్ బయటికి పరిగెత్తింది' అని రాసింది. క్లాసంతా నవ్వారు. ఆ పిల్ల తల దించేసుకుంది. నాకు చాలా బాధేసింది. వాళ్ళది రొయ్యల గుంట ఉన్న ఇల్లు. రాత్రిపూట కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ కూడా అయిపోతే ఏరియేటర్లు ఆగిపోతాయనీ, గాలి అందక రొయ్యలు చచ్చిపోతాయనీ ఆమెకు తెలిసినంతగా నాకు తెలియదు. తప్పు ఆమెది కాదు. రన్ అంటే పరిగెత్తు అని ఒక్క అర్థమే బట్టీ పట్టించిన మా టీచర్లది.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు ఈ మాటను సవరించినప్పుడు ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి ఈ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు పట్టింది. అంతకుముందు అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాటనే పెద్దరికం 'సెట్'ది.

అవన్నీ మనకెందుకు? మన నెల్లూరులోనే చూడండి. పెన్న పారుతుంది, బస్సు తిరుగుతుంది, జలుబు చేస్తే ముక్కు కారుతుంది, చీర ఉతికితే రంగు దిగుతుంది. ఇంగ్లిష్‌లో అన్నిటికీ రన్నే. ఎన్నికల్లో అమెరికా వాడు 'రన్' చేస్తాడు, ఇంగ్లండు వాడు మనలాగే నిలబడతాడు. ఇది నాకు భలే ఇష్టమైన సంగతి.

మన 'పట్టు' మాత్రం తక్కువదా? కుళాయి దగ్గర నీళ్ళు పడతాం, వల వేసి చేపలు పడతాం. నిద్ర పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది, కావలి నుంచి ఒంగోలు పోవాలంటే టైమ్ పడుతుంది. ఈ అర్థాలు మీకు ఎవరన్నా రాసిచ్చారా? పక్కన ఏ మాట ఉందో దాన్నిబట్టి పట్టేశారు. ఇంగ్లిష్ మాటనూ అట్లాగే, దాని పక్క మాటతో కలిపి నోట్‌బుక్‌లో రాసుకోండి. విడిగా రాసుకోవద్దు.

క్లాసయ్యాక ఆ అమ్మాయిని పిలిచి, "ఇంట్లో డీజిల్ లేకపోతే ఏమంటారమ్మా?" అని అడిగాను.

"అయిపోయిందంటాం సార్" అంది వెంటనే.

"రాన్ అవుట్ అంటే అదే తల్లీ" అన్నాను.

మర్నాడు నోట్‌బుక్ తెచ్చి చూపించింది. పైన 'మై ఫాదర్ రన్స్ ఎ ప్రాన్ ఫామ్' అని ఉంది. దాని కింద తెలుగులో, 'మా నాయన రొయ్యల గుంట చేస్తాడు' అని రాసుంది.