‘నాట్ ఫౌండ్’ అనంగనే రీఇన్‌స్టాల్ చేయకుండ్రి, ముందు ఏది ఎక్కిందో చూడుండ్రి

[స్క్రీన్ మీద ఎర్రర్]

ఉబుంటు 22.04 మీద ప్రోగ్రాం నడిపిస్తే ‘వర్షన్ జీఎల్‌ఐబీసీఎక్స్ఎక్స్ 3.4.30 నాట్ ఫౌండ్’ అని వస్తది, ఇగ అందరు చేసేది ఒక్కటే, లైబ్రరీ, అంటే ప్రోగ్రాంలు పంచుకునే కోడ్ ఫైల్, లేదేమో అని మళ్ల ఇన్‌స్టాల్ కొట్టుడు. నాకు గీడనే చిరాకు లేస్తది. ఆ లైన్ మొదట్ల ఏముందో చదువుండ్రి, లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్ అని సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ ఫైల్ పాత్ మొత్తం ఉంటది, జీఎల్‌ఐబీసీఎక్స్ఎక్స్ అనేది దాని వర్షన్ గుర్తే, ఆప్ట్ కింద ఏదో టూల్ ఫోల్డర్ల నుంచి. అంటే ఫైల్ దొరికింది, తెరిచింది గూడ, కాకపోతే అది పాతది. ప్రోగ్రాంకు కావాల్సింది 22.04 తోనే వచ్చింది, మీ మెషిన్లనే ఉంది, మీరు వందసార్లు రీఇన్‌స్టాల్ చేసినా దాని దాక ఎవ్వరు పోతలేరు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ తోటి చెప్త. ఒక పిలగాన్ని చపాటా మిర్చి బస్తా తెమ్మని పంపిండ్రు, చేతుల చిట్టి, దాంట్ల అడ్తి దుకాణాల పేర్లు వరుసగ రాసున్నయ్. వాడు బస్తా మీద పేరు చూస్తడు, మొదటి దుకాణంల దొరికిందా, ఎత్తుకోని వచ్చేస్తడు, రెండో దుకాణం గడప తొక్కడు. ఇంటికి తెచ్చి విప్పితే నిరుడు కోల్డ్ స్టోరేజీల పెట్టిన సరుకు, రంగు పోయింది. చపాటా కొనేదే రంగు కోసం!

ఆ పిలగాడే లోడర్, అంటే ప్రోగ్రాం మొదలైతుంటే దానికి కావాల్సిన లైబ్రరీలు ఎతికి మెమరీలకు ఎక్కించేటోడు. బస్తా మీది పేరు సోనేమ్, అంటే లైబ్రరీ తనకు తాను చెప్పుకునే పేరు. పాతదానికి, కొత్తదానికి రెండిటికి సోనేమ్ ఒకటే, చివర్ల డాట్ ఎస్‌ఓ డాట్ 6. లోపల వర్షన్ తక్కువున్నదని తెలిసేటాల్లకు ఆలస్యమైతది, వాడు మళ్ల మార్కెట్‌కు పోడు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతడు.

మరి చిట్టిల వరుస ఏంది? లైనక్స్‌ల అయితే ముందు బైనరీల, అంటే నడిచే ప్రోగ్రాం ఫైల్ల, రాసున్న ఫోల్డర్ల లిస్టు ఆర్‌పాత్, అది గూడ రన్‌పాత్ అనే ఇంకో లిస్టు అండ్ల లేకపోతేనే. తర్వాత ఎల్‌డీ లైబ్రరీ పాత్, అంటే టెర్మినల్ల పెట్టుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. తర్వాత రన్‌పాత్. ఆ తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ తయారుచేసే క్యాష్, అంటే సిస్టం లైబ్రరీల జాబితా, ఆఖరికి స్లాష్ లిబ్, స్లాష్ యూజర్ లిబ్. చూసిండ్రా, ఎల్‌డీ లైబ్రరీ పాత్ సిస్టం దుకాణాలకంటే ముందుంది. ఏదో టూల్ సెటప్ స్క్రిప్ట్ దాన్ని మీ బ్యాష్ఆర్‌సీల, అంటే టెర్మినల్ తెరిచినప్పుడు చదివే ఫైల్ల, రాసి పోతది, ఆ టూల్‌కు మంచిగనే ఉంటది, కాని ఆ టెర్మినల్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రాంకు అదే చిట్టి చేతికొస్తది. ఇంటర్నెట్‌ల ఎవరడిగినా ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్ ఎక్స్‌పోర్ట్ చేసెయ్’ అని సలహా ఇస్తరు జూడు, అది అసలు ఇయ్యద్దు. ఇంకోటి, ఆ విలువ చివర్ల ఉత్త కోలన్ మిగిలిందనుకో, ఖాళీ అంటే మీరున్న ఫోల్డర్ అని లెక్క, ఏ ఫోల్డర్ల నిలబడి నడిపితే ఆ బస్తా వస్తది.

[టెర్మినల్]

ఇప్పుడు పిలగాడు యాడయాడ తిరిగిండో వాన్నే అడుగుదాం. ప్రోగ్రాం పేరు ముందట ఎల్‌డీ డీబగ్ ఈజ్ ఈక్వల్ టు లిబ్స్ అని పెట్టి నడుపుండ్రి. గిది చూడుండ్రి, ‘సెర్చ్ పాత్’ అని ఫోల్డర్లు, పక్కకు బ్రాకెట్ల ఆ వరుస యాడికెల్లి వచ్చిందో, కింద ‘ట్రయింగ్ ఫైల్’ అని ఒక్కొక్కటి. ఆ పేరుకు ఆఖరి ట్రయింగ్ ఏదో అదే మీ బస్తా. లైబ్రరీలు చూపించే ఎల్‌డీడీ అనే కమాండ్ ఉంది, నాకు దానికంటే ఇదే ఇష్టం, ఎల్‌డీడీ ఏది దొరికిందో చెప్తది గని ఎట్ల దొరికిందో చెప్పది. నమ్మకం లేని బైనరీ మీద ఎల్‌డీడీ అస్సలు కొట్టద్దు, ఒక్కోసారి ఆ కోడ్ నడిచే అవకాశం ఉంది, ప్రోగ్రాం నడపకుండ ఫైల్ చదివే రీడ్‌ఎల్ఫ్ హైఫన్ డీ వాడుండ్రి.

టైం అయితుంది, జల్ది చెప్త. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అన్‌సెట్ చేసి నడిపి చూడుండ్రి, నడిచిందంటే దొంగ దొరికినట్టే. ఆ టూల్‌కు నిజంగ కావాలంటే చిన్న ర్యాపర్ స్క్రిప్ట్ రాసి దాంట్లనే పెట్టుండ్రి, బ్యాష్ఆర్‌సీల వద్దు. మీరే బిల్డ్ చేసేటోళ్లయితే డాలర్ ఆరిజిన్ (ఆ బైనరీ ఉన్న ఫోల్డర్) తోటి రన్‌పాత్ ఇయ్యుండ్రి, కాని రన్‌పాత్ ఆ బైనరీ నేరుగ అడిగిన లైబ్రరీలకే పనిచేస్తది, ఆ లైబ్రరీలు మళ్ల అడిగేటియ్యి వేరే. కొత్త ఫోల్డర్ సిస్టంకు కలిపితే ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టుడు మర్చిపోవద్దు. టెర్మినల్ల నడిచి, చెప్పిన టైంకు పనులు నడిపే క్రాన్‌ల నడుస్తలేదంటే క్రాన్ మీ బ్యాష్ఆర్‌సీ చదవదు, ఫైల్ ఓనర్ హక్కుల తోటి నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రాంలయితే ఎల్‌డీ లైబ్రరీ పాత్‌నే పట్టించుకోవు. ఇగ సర్వీస్ ఆల్రెడీ నడుస్తుంటే ఆపకుండ్రి, ప్రాక్ కింద దాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఫోల్డర్ల మ్యాప్స్ ఫైల్ తెరువుండ్రి, ఏ ఫైల్ మెమరీలకు ఎక్కిందో పాత్ తోటి సహా అండ్ల ఉంటది.