కొంగు ముడిలో చీటీ

శ్రోతలకు నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా లేబర్ రూముల్లో నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. ఇవాళ మీకు ఒక చీటీ గురించి చెప్పాలి.

వానాకాలం. రాత్రి ఒంటిగంట దాటింది. ఏజెన్సీ నుంచి ఘాట్ దిగి, చోడవరం మీదుగా విశాఖ చేరిన అంబులెన్సులోంచి ఒక అమ్మాయిని దించాం. తొలిచూలు. ముఖం, కాళ్లూ చేతులూ వాచిపోయి ఉన్నాయి. బీపీ 170/120. దారిలో ఒకసారి ఫిట్స్ వచ్చాయట. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దీన్నే. వెంట వచ్చిన అత్తగారు కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన చీటీ నా చేతిలో పెట్టింది. వాన తడికి సిరా అలుక్కుపోయింది. చదివితే రెండే ముక్కలు: బీపీ ఎక్కువ, పెద్దాసుపత్రికి పంపడమైనది.

ఫిట్స్ ఆపడానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను ఇస్తారు. బండి ఎక్కించే ముందే రెండు తుంటికీ అయిదేసి గ్రాములు ఇచ్చి పంపాలి. మరి ఇచ్చారా? ఇవ్వలేదనుకుని మేం మళ్లీ ఇస్తే, మోతాదు మించి ఊపిరికే ముప్పు. ఇచ్చారనుకుని ఊరుకుంటే మళ్లీ ఫిట్స్. అత్తగారిని అడిగాను. "ఏటో సూదులేసినారమ్మా, ఏటన్నది సెప్నేదు" అంది. టార్చి వేసి తుంటి మీద సూదిగుర్తులు వెతికాం. మందు ఎక్కువైందేమోనని డాక్టరమ్మ మోకాలి మీద తట్టి చూస్తోంది, నేను ఊపిరి లెక్కపెడుతున్నాను, ఇంకో సిస్టరు ఆ పంపిన చోటికి ఫోను మీద ఫోను. అవతల ఎత్తేసరికి ఇరవై నిమిషాలు.

ఆ అమ్మాయి బతికింది, బిడ్డా దక్కింది. ఆ ఇరవై నిమిషాలు మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడవు.

చీటీ రాసినామెను నేను తప్పుపట్టను. రాత్రిపూట ఒంటరిగా డ్యూటీలో ఉండి, సూది వేసి, బండి పిలిపించి, గబగబా రెండు ముక్కలు రాసి పంపింది. ఏం రాయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేం ఎవరమో ఆమెకు తెలీదు, ఆమె ఎవరో మాకు తెలీదు. ఇద్దరం ఒకే తల్లికి వైద్యం చేస్తున్నాం.

మన రాష్ట్రంలో ఇప్పుడు నూటికి 96కి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. లక్ష మంది బిడ్డలు పుట్టేలోగా చనిపోయే తల్లులు, 2004-06లో ఉమ్మడి రాష్ట్రంలో 154 మంది. 2018-20కి మనకు ఆ లెక్క 45. ఆశా అక్కలు, ఏఎన్ఎంలు, 108 సిబ్బంది వానా వరదా అనకుండా పడ్డ కష్టం అది. అయితే అదే కాలంలో కేరళ లెక్క 19. తల్లిని ఆసుపత్రి గడప దాకా తెచ్చుకున్నాం. ఇక గడప లోపల జరిగేదాని మీద పట్టు రావాలి. అది ఏ ఒక్క ఆసుపత్రి వల్లా కాదు.

కేరళ గైనకాలజిస్టుల సంఘం 2004 నుంచి ఒక పని చేస్తోంది. ఏ ఆసుపత్రిలో తల్లి పోయినా, ఆ కేసు కాగితాలు పేర్లు తీసేసి ఒకచోట చేర్చి, డాక్టర్లు కూర్చుని చదువుతారు. ఎవరిది తప్పు అని వెతకరు, ఎక్కడ ఆలస్యమైందో వెతుకుతారు. ఈ తేడా నాకు చాలా పెద్దదనిపిస్తుంది. సస్పెండు చేస్తారన్న భయం ఉన్నచోట ఎవరూ నిజం రాయరు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2006లో ఆసుపత్రులన్నిటినీ కలిపే ఒక వేదిక పెట్టుకున్నారు. 2013 నాటికి అక్కడ తల్లుల మరణాలు సగానికి పైగా తగ్గాయి. అదే కాలంలో మిగతా అమెరికాలో పెరిగాయి. వాళ్లు కొత్త మందేం కనిపెట్టలేదు. కాన్పు తర్వాత రక్తం పోతే కావలసిన సామానంతా ఒకే బండిలో సర్ది, ప్రతి లేబర్ రూములోనూ చేతికందే చోట పెట్టారు. పోయిన రక్తాన్ని కంటితో అంచనా కట్టడం మానేసి కొలవడం నేర్పారు.

ఈ కొలత సంగతి కొంచెం చెప్పనివ్వండి. నిండు చూలాలి గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం పారుతుంది. మాయ పడ్డాక సంచి గట్టిగా ముడుచుకోకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. ఎంత అనుభవమున్న కన్నైనా, రక్తం ఎక్కువగా పోయినప్పుడే తక్కువ అంచనా వేస్తుంది. నేనూ వేశాను. తడిసిన గుడ్డలు తూకం వేసి, పొడిగుడ్డ బరువు తీసేస్తే సరి, ఒక గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరు. తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిస్తే ఇంకా సులువు. అర లీటరు దాకా ఆగకుండా ముందే కనిపెట్టి, మర్దన, మందులు, సెలైన్ అన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్రంగా రక్తం పోవడం, చావులు కలిపి 60 శాతం తగ్గాయని 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లో చేసిన పెద్ద అధ్యయనం చూపించింది. ఆ సంచి ఖరీదైన వస్తువేం కాదు.

బిడ్డల సంగతీ అంతే. నెలలు నిండని బిడ్డను టవల్లో చుట్టి ఘాట్ రోడ్డంతా తెస్తారు. పాదాలు తాకితే మంచుముక్కలు. పొట్ట కూడా చల్లబడిందంటే ఆలస్యమైపోయిందన్నమాట. తల్లి బండిలో ఉంటే, బిడ్డను ఆమె గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనించి, పైన దుప్పటి కప్పి తేవాలి. తల్లికి వీలుకాకపోతే నాన్నయినా, అమ్మమ్మయినా సరే. బయల్దేరే చోట ఒక్కరు చెప్తే చాలు.

2022 నుంచి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు ఒక జిల్లా, అనకాపల్లి ఒక జిల్లా, విశాఖ ఒక జిల్లా. నొప్పులు పడే తల్లికి ఈ హద్దులు లేవు. అందుకే నేను కోరేది, మూడు జిల్లాలకూ, ఆ మాటకొస్తే రాష్ట్రమంతటికీ ఒకే చీటీ. విశాఖలో పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చినా, ఆడవాళ్ల ఘోషాసుపత్రికి వచ్చినా అవే గళ్లు: ఏ మందు, ఎంత, ఎన్నిగంటలకు, చివరి బీపీ ఎంత, రక్తం గ్రూపు ఏది. ప్రైవేటు నర్సింగుహోములూ అదే చీటీ వాడాలి. నెలకోసారి అందరూ కూర్చుని ఆ చీటీలు చదవాలి.

వింటున్న ఇళ్లవాళ్లకు ఒక మాట. మీ అమ్మాయిని వేరే ఆసుపత్రికి పంపుతుంటే, బండి కదిలేలోపు అడగండి: "ఏ సూది వేశారమ్మా, ఎన్నింటికి వేశారు?" చెప్పింది తల్లీబిడ్డ కార్డు వెనకాలే రాయించుకోండి.

రిటైరయ్యే ముందు ఏడాది, మళ్లీ అలాంటి రాత్రే, లేబర్ రూములో ఫోను మోగింది. "సిస్టరమ్మా, ఘాట్ దిగుతున్నారు. తొలికాన్పు, ఫిట్స్ ఒకసారి. మెగ్నీషియం తొమ్మిది నలభైకి ఇచ్చాను. బి పాజిటివ్." గోడ మీద పలకపై సుద్దతో రాసుకుని, బ్లడ్‌బ్యాంకుకి మనిషిని పంపాను. అంబులెన్సు రావడానికి ఇంకా గంటన్నర ఉంది.